ఒక పిలకకు ఎన్ని మొక్కలు? – టిష్యూకల్చర్ అరటి వెనుకనున్న లెక్క

మన రాష్ట్రములో అరటి వేయు రైతులు అనేకులు నేడు పిలకలకు బదులుగా టిష్యూకల్చర్ మొక్కలను నాటుచున్నారు. మొక్కలన్నియు ఒకే వయస్సు, ఒకే ఎత్తు కలిగియుండుట, గెలలు దాదాపు ఒకేసారి కోతకు వచ్చుట, పిలకల దుంపలతోపాటు వచ్చు ముక్కుపురుగు, నులిపురుగులు క్రొత్త పొలములోనికి ప్రవేశింపకుండుట – ఇవి ఈ మొక్కల వలన కలుగు ముఖ్యమైన లాభములు. కాని ఒక చిక్కు కలదు. సంచిలోని చిన్న మొక్కను చూచి, అది ముందు ఎట్టి గెల వేయునో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. వరి నారు చెడినచో మరల పోసికొనవచ్చును. అరటిలో మొక్క మంచిది కాదని తెలిసికొనునప్పటికి నెలలు గడచిపోవును. ఎరువు, నీరు, కూలి, ఏడాది కాలము అన్నియు వృథా యగును.

క్రిందటి వేసవిలో గోదావరి లంక గ్రామమునుండి ఒక పెద్ద రైతు మా కార్యాలయమునకు వచ్చెను. ఆయన తోటలో అమృతపాణి అరటి ఒకటి మిగిలినవాటికంటె చక్కని గెల వేసినదట. ఆ చెట్టు పిలకను తీసికొనిపోయి మూడు నెలలలో 5,000 మొక్కలు చేసి యిత్తునని ఒక మధ్యవర్తి చెప్పి, బయానా అడిగెనట.

“ఏమండీ, ఒక్క పిలక నుంచి మూడు నెలల్లో అయిదు వేల మొక్కలు అవుతాయంటారా? అవుతాయంటే ఇప్పుడే బయానా ఇచ్చేస్తాను. నాలుగెకరాలు దున్ని ఉంచాను” అని ఆయన అడిగెను.

“అవుతాయో లేదో నేను చెప్పడం ఎందుకండీ? మీరే లెక్క కట్టి చూడండి” అని కాగితమును, కలమును ఆయన చేతికిచ్చితిని. ఆ దినమున మేమిద్దరము కట్టిన లెక్కయే ఈ వ్యాసము. కూడికలు, గుణకారములు, వడ్డీ లెక్క తెలిసిన ప్రతి రైతును దీనిని అర్థము చేసికొనగలడు.

గాజుబుడ్డిలో జరుగు పని

మొక్క శరీరము కంటికి కానరాని చిన్న కణములతో నిర్మింపబడినది. ఈ కణములను మొక్కనుండి వేరుచేసి గాజుపాత్రలో పెంచవచ్చునను ఆలోచనతో 1902లో హేబర్లాండ్ట్ అను శాస్త్రజ్ఞుడు ప్రయత్నము చేసెను. ఆయన కణములు కొంతకాలము బ్రతికినవి గాని, విభజన చెంది పెరుగలేదు. 1939లో అమెరికాలో వైట్, ఫ్రాన్సులో గోత్రే, నోబెకూర్ అనువారు వేరువేరుగా పనిచేసి, మొక్క కణజాలమును ఆగకుండ పెంచుటలో కృతకృత్యులైరి. 1957లో స్కూగ్, మిల్లర్ అనువారు ఒక ముఖ్య విషయము కనుగొనిరి. ఆక్సిన్, సైటోకైనిన్ అను రెండు వృద్ధి పదార్థముల పాలును మార్చినచో, అదే కణజాలము ఒకప్పుడు వేళ్లను, ఒకప్పుడు మొవ్వులను వేయును. 1962లో మురాషిగే, స్కూగ్ అనువారు ప్రకటించిన పోషక ద్రావణమునే నేటికిని పెక్కు ప్రయోగశాలలలో వాడుచున్నారు. అందులో మొక్కకు కావలసిన లవణములతో పాటు లీటరుకు 30 గ్రాముల చక్కెర కూడ ఉండును. బుడ్డిలోని లేత కణజాలము ఎండనుండి తన ఆహారమును తాను పూర్తిగా తయారుచేసికొనలేదు గాన చక్కెర తప్పనిసరి.

అరటిలో సూది పిలక దుంపను చెక్కి, నడుమనున్న మొవ్వు మొనను మాత్రము తీసి, క్రిములు లేకుండ శుభ్రపరచి, ఈ ఆహారముపై ఉంచెదరు. సైటోకైనిన్ ఎక్కువగా నుండుటచే మొవ్వు ప్రక్కలనుండి క్రొత్త మొగ్గలు పుట్టును. వాటిని విడదీసి క్రొత్త సీసాలలో పెట్టెదరు. మరల మొగ్గలు వచ్చును, మరల విడదీయుదురు. ఇట్లు ఒకసారి విడదీసి మార్చుటను మనము ఒక ‘దఫా’ అని పిలిచికొందము. చాలినన్ని మొగ్గలు వచ్చిన పిమ్మట వేళ్లు పుట్టించి, బయటికి తీసి, గాలికిని ఎండకును క్రమముగా అలవాటు చేయుదురు. దీనినే గట్టిపరచుట యందురు.

చక్రవడ్డీ లెక్క

కణముల పెరుగుదలకు మన ఊళ్లలో అందరికి తెలిసిన పోలిక చక్రవడ్డీ. అప్పులో వడ్డీ అసలులో కలిసి, దానికి మరల వడ్డీ అగునట్లే, నేడు పుట్టిన కణము రేపు తానును విభజన చెంది రెండగును.

ఒక బుడ్డిలో 100 మిల్లీలీటర్ల పోషక ద్రావణము పోసి, అందులో 2 గ్రాముల కణములను వేసితిమనుకొందము. అవి దినమునకు నూటికి 40 వంతున పెరుగుచున్నవనుకొందము. అనగా రెండు దినములకు దాదాపు రెట్టింపగును. ఈ వడ్డీ ఇట్లే సాగినచో 14 దినములకు కణముల బరువు ఎంత? 2ను 1.4తో పదునాలుగు పర్యాయములు గుణించిన 222 గ్రాములు వచ్చును.

ఇచ్చట రైతు ఆగి ఆలోచింపవలెను. బుడ్డిలో పోసిన ద్రావణమే 100 మిల్లీలీటర్లు. అందులో 222 గ్రాముల కణములు ఎట్లు పెరుగును? వాటికి ఆహారమెక్కడిది? కాగితముపై గుణకారము ఎంతదూరమైనను పోవును, బుడ్డి మాత్రము పెరుగదు. కావున చక్రవడ్డీ లెక్క మొదటి కొద్ది దినములకు మాత్రమే సరిపోవును.

చక్కెర ఎంతో, పంట అంత

ఆ బుడ్డిలో ఎంతవరకు పెరుగుదల సాధ్యమో చక్కెరను బట్టి అంచనా వేయవచ్చును. లీటరుకు 30 గ్రాములు గాన 100 మిల్లీలీటర్లలో 3 గ్రాముల చక్కెర యుండును. సాధారణముగ కణములు తాము తిన్న చక్కెరలో సగము వరకు తమ ఎండు బరువుగా మార్చుకొనును. మిగిలిన సగము శ్వాసక్రియలో ఖర్చగును. అనగా మనకు వచ్చునది ఒకటిన్నర గ్రాముల ఎండు పదార్థము. పచ్చి కణములలో హెచ్చు భాగము నీరే. ఎండు పదార్థము వీసము వంతు, అనగా 16వ వంతు, అనుకొన్నచో ఆ బుడ్డికి హద్దు 24 గ్రాములు. ఎన్ని దినములుంచినను అంతకు మించి రాదు.

హద్దు గల పెరుగుదలకు లెక్క కట్టు పద్ధతిని 1838లో బెల్జియం దేశపు గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ ప్రకటించెను. ఆయన దానిని జనసంఖ్య పెరుగుదలకై రచించెను గాని, బుడ్డిలోని కణములకును అది చక్కగా సరిపోవును. సూత్రమును మాటలలో ఇట్లు చెప్పవచ్చును:

ఒక దినపు పెరుగుదల = ఉన్న బరువు × వడ్డీ × (మిగిలిన చోటు ÷ మొత్తము చోటు)

మొదటి దినమున బరువు 2 గ్రాములు, హద్దు 24 గ్రాములు గాన మిగిలిన చోటు 22. 2ను 0.4తోను, 24లో 22వ వంతుతోను గుణించిన 0.73 గ్రాము వచ్చును. ఇట్లు ప్రతి దినమునకు కట్టుచు పోయిన ఈ క్రింది పట్టిక తయారగును.

ఆరంభము – 2.0 గ్రాములు
2వ దినము – 3.7 గ్రాములు
4వ దినము – 6.5 గ్రాములు
6వ దినము – 10.6 గ్రాములు
8వ దినము – 15.4 గ్రాములు
10వ దినము – 19.5 గ్రాములు
12వ దినము – 22.0 గ్రాములు
14వ దినము – 23.2 గ్రాములు

ఈ అంకెలను గీతల కాగితముపై గుర్తించి చుక్కలను కలిపినచో, గీత మొదట మెల్లగా లేచి, నడుమ నిటారుగా పోయి, చివర వంగి చదునగును. బరువు 12 గ్రాములు, అనగా హద్దులో సగము, ఉన్నప్పుడు దినపు పెరుగుదల 2.4 గ్రాములు. ఇదే అన్నిటికంటె హెచ్చు. బరువు 22 గ్రాములైనప్పుడు పెరుగుదల మరల 0.73 గ్రాముకు దిగిపోవును. 2 గ్రాముల కణములు దినమునకు ఎంత పెరిగినవో, 22 గ్రాముల కణములును అంతే పెరుగుచున్నవి! మొదట తినువారు తక్కువ, చివర తిండి తక్కువ.

నిజముగా కణములను పెంచి చూచినచో ఒక తేడా కనబడును. క్రొత్త ద్రావణములో వేసిన వెంటనే కణములు పెరుగక, నాటిన నారు బ్రతుకు తిరుగుటకు కొన్ని దినములు పట్టినట్లు, కొంత ఆగి పెరుగనారంభించును. అట్లే చివర చక్కెర పూర్తిగా అయిపోయిన పిమ్మట బరువు కొంత తగ్గుటయు కలదు. శాస్త్రజ్ఞులు ఈ రెంటిని లెక్కలో చేర్చి సూత్రమును సరిదిద్దుకొందురు. కణములన్నియు ఒకే వడ్డీకి పెరుగవు. పొగాకు జాతికి చెందిన బివై-2 అను కణములు వారము దినములలో 80 నుండి 100 రెట్లు పెరుగును. అనేక మొక్కల కణములు దీనికంటె చాల నెమ్మదిగా పెరుగును.

ఇందువలన తెలిసికొనవలసినది

సీసాలోని కణజాలమును సకాలమున క్రొత్త ఆహారములోనికి మార్చవలెనని ఈ లెక్క చెప్పుచున్నది. తొందరపడి మార్చినచో పెరుగుదల ఊపందుకొనకముందే కూలియు, ఆహారమును వృథా యగును. ఆలస్యము చేసినచో కణజాలము ఆకలికి లోనై బలము తగ్గును. అరటిలో ఐతే నల్లబారుట కూడ కలదు. అందుచేతనే అరటి మొగ్గలను సాధారణముగ మూడు, నాలుగు వారములకొకసారి మార్చుదురు. ఈ కాలము ప్రయోగశాలవారి ఇష్టము మీద ఆధారపడినది కాదు. మొక్క స్వభావము, సీసాలోని ఆహారము కలసి నిర్ణయించునది. ఎవరు ఎంత తొందరపెట్టినను వారములను దినములుగా మార్చుట సాధ్యము కాదు.

అరటి మొగ్గల లెక్క

ఇప్పుడు మన పిలక లెక్కకు వత్తము. ఒక్కొక్క దఫాకు ఒక మొగ్గ సగటున రెండున్నర మొగ్గలగుననుకొందము. రకమును బట్టి, పనివారి నేర్పును బట్టి ఈ అంకె మారును. ఎనిమిది దఫాలకు 2.5ను ఎనిమిది పర్యాయములు గుణించిన 1,526 మొగ్గలు వచ్చును. ఇది నష్టము లేని లెక్క.

కాని నష్టము లేని సేద్యమెక్కడిది? కొన్ని సీసాలలో బూజు పట్టును. కొన్నిటిలో బాక్టీరియా చేరును. కొన్ని మొగ్గలు బలహీనముగా నుండి పారవేయవలసి వచ్చును. దఫాకు పదింట ఒకటి పోవుననుకొందము. పదింట ఒకటి చిన్న నష్టముగనే తోచును. కాని ఇప్పుడు దఫాకు వచ్చునది 2.5 కాదు, 2.25 మాత్రమే. దీనిని ఎనిమిది పర్యాయములు గుణించిన 656 మాత్రమే వచ్చును. 1,526లో సగమునకు పైగా పోయినది! వడ్డీ చక్రవడ్డీ యైనట్లే, నష్టమును చక్రనష్టమగును. పరిశుభ్రతకు ప్రయోగశాలలలో అంత శ్రద్ధ చూపుట ఇందుకే.

ఈ 656 మొగ్గలలో నూటికి 95 వేళ్లు వేసినచో 623 మిగులును. మొదటిసారి గట్టిపరచునప్పుడు నూటికి 90 బ్రతికినచో 561, రెండవసారి సంచులలో నూటికి 95 బ్రతికినచో 533 మొక్కలు రైతు చేతికి వచ్చును.

ఎకరమునకు 1.8 మీటర్ల చదరపు దూరమున నాటినచో సుమారు 1,250 మొక్కలు పట్టును. చనిపోయిన చోట్ల తిరిగి నాటుటకు నూటికి 5 వంతున 62 చేర్చిన 1,312 కావలెను. దీనిని 533తో భాగించిన రెండున్నర వచ్చును. అనగా ఎకరమునకు మూడు పిలకల సంతతి కావలెను. మొదట సీసాలో పెట్టిన మొవ్వులలో సగము బూజు వలన పోవుననుకొన్నచో ఆరు పిలకలతో పని ఆరంభింపవలెను.

కాలము లెక్క – వెనుకకు లెక్కించుట

జులై 1వ తేదీన నాటవలెనని రైతు నిశ్చయించుకొన్నచో, అచ్చటినుండి వెనుకకు లెక్కింపవలెను.

సంచులలో రెండవసారి గట్టిపరచుట – 8 వారములు
మొదటిసారి గట్టిపరచుట – 5 వారములు
వేళ్లు పుట్టించుట – 4 వారములు
ఎనిమిది దఫాలు, దఫాకు 4 వారముల చొప్పున – 32 వారములు
మొవ్వును సీసాలో నిలద్రొక్కించుట – 8 వారములు
మొత్తము – 57 వారములు

ఏడాదికి 52 వారములు గదా! జులై 1న నాటవలసిన మొక్కకు పిలకను అంతకు ముందటి సంవత్సరము మే నెలాఖరుననే తీయవలెను. ప్రయోగశాలలో ఆ రకము మొగ్గలు అప్పటికే ఆరవ దఫాలో సిద్ధముగా నున్నచో మిగిలినవి రెండు దఫాలు, ఆపైన వేళ్లు, గట్టిపరచుట. మొత్తము 25 వారములు. అప్పుడైనను జనవరి మొదటి వారమునందే మొక్కలకు చెప్పియుంచవలెను. జూన్ నెలలో పొలము దున్ని పరుగెత్తు రైతు, ఎవరి వద్ద మిగిలిన మొక్కలున్నవో వాటినే తీసికొనవలసి వచ్చును. ఎంచుకొను అవకాశముండదు.

మా లంక రైతు ఇచ్చట కలము ఆపి, “అయితే మూడు నెలలంటే మూడు దఫాలేగా?” అనెను. అదే కీలకము. మూడు దఫాలకు 2.5 చొప్పున వచ్చునది 15 లేక 16 మొగ్గలు. దఫాకు నాలుగు చొప్పున వచ్చినను 64 మాత్రమే. మూడు దఫాలలో 5,000 కావలెనన్నచో ప్రతి మొగ్గయు ప్రతి దఫాకు 17 కావలెను. ఇంకను వేళ్లు పుట్టించుటకు, గట్టిపరచుటకు పట్టు కాలమును మనము లెక్కలో చేర్చలేదు. ఆ మధ్యవర్తి తెచ్చి యిచ్చు మొక్కలు ఏ తల్లివో గాని, ఈయన తోటలోని అమృతపాణివి మాత్రము కావని తేలిపోయినది.

ఎనిమిది దఫాలకు మించరాదు, ఏల?

“ఎనిమిదితో ఆపడమెందుకండీ? ఇంకో నాలుగు దఫాలు చేస్తే పిలకలు తక్కువ చాలుతాయి కదా?” అనునది ఆయన రెండవ ప్రశ్న. మంచి ప్రశ్న. దీనికిని లెక్కయే సమాధానము చెప్పును.

కణములు విభజన చెందుచు పోవుకొలది అప్పుడప్పుడు కొన్నిటిలో తల్లి గుణము మారును. అట్టి మొగ్గనుండి వచ్చిన మొక్క పొట్టిగా నుండుట, ఆకులు దగ్గరదగ్గరగా గుబురుగా వచ్చుట, ఆకులు సన్నగా, మందముగా, చారలతో నుండుట, గెల చిన్నదగుట జరుగును. కావెండిష్ జాతి అరటిలో పొట్టి మొక్కలు వచ్చుట ఎక్కువగా కనబడును. వీటిని మనము తేడా మొక్కలందము.

దఫాకు వేయింట అయిదు మొగ్గలు మారుననుకొందము. ఎనిమిది దఫాలు ముగియునప్పటికి నూటికి సుమారు 4 తేడా మొక్కలగును. ఎకరములో 50 మొక్కలు. పదునారు దఫాలు చేసినచో నూటికి సుమారు 8, అనగా ఎకరములో 96. ఇది మారు వడ్డీ స్థిరముగా నున్నదనుకొని కట్టిన లెక్క. నిజమునకు దఫాలు పెరుగుకొలది, హెచ్చు మొగ్గల ఆశతో సైటోకైనిన్ మోతాదు పెంచుకొలది, తేడా మొక్కల పాలు ఇంకను పెరుగవచ్చును.

మరియొక విషయము. మార్పు ఎప్పుడు జరిగినదనుట ముఖ్యము. చివరి దఫాలో మారినచో ఒక మొక్క మాత్రమే చెడును. మొదటి దఫాలోనే ఒక మొగ్గ మారినచో ఆ పిలక సంతతిలో పదింట నాలుగు మొక్కలు చెడును. తల్లి చెట్టునకు వెర్రి తెగులు వంటి వైరస్ తెగులున్నచో సంతతి మొత్తము చెడును. టిష్యూకల్చర్ చేసినంత మాత్రమున వైరస్ తనంత తాను తొలగిపోదు. ముందుగా తల్లిని పరీక్షింపవలెను. అందుచేతనే అరటిలో ఎనిమిది దఫాలకు మించరాదనియు, ఒక పిలకనుండి వేయి మొక్కలకు మించి తీయరాదనియు నిపుణులు హద్దు పెట్టిరి. మనము కట్టిన లెక్కలో ఎనిమిది దఫాలకు 656 మొగ్గలు వచ్చినవి. రెండు హద్దులును ఒకదానికొకటి ఎట్లు సరిపోయినవో గమనింపుడు.

రైతు అడుగవలసిన ప్రశ్నలు

మొక్కలకు బయానా ఇచ్చుటకు ముందు ఈ క్రింది విషయములను అడిగి, కాగితముపై వ్రాయించుకొనవలెను.

1. తల్లి చెట్లు ఏ తోటవి? వాటికి వెర్రి తెగులు, ఆకుచార తెగులు మొదలగు వైరస్ తెగుళ్లకు పరీక్ష జరిగినదా?
2. ఈ మొక్కలు ఎన్నవ దఫాకు చెందినవి?
3. ఎన్ని పిలకల సంతతి కలసియున్నది? మొత్తము తోట ఒకే పిలక సంతతి యగుట మంచిది కాదు.
4. ధ్రువీకరణ చీటీ కలదా? కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగమును 1966 విత్తనముల చట్టము క్రింద టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణకై 2006లో నియమించిరి. ఈ పద్ధతిలో గుర్తింపు పొందిన ప్రయోగశాలలు, పరీక్షాకేంద్రములు కలవు.
5. సంచులలో ఎన్ని వారములు గట్టిపరచిరి? మొక్క సుమారు అడుగు ఎత్తు, అయిదారు మంచి ఆకులు కలిగియుండవలెను.

మొక్కలు దింపుకొనునప్పుడు వరుసలో నడచి, మిగిలినవాటికంటె మరీ పొట్టివి, గుబురు ఆకులవి, చారలు గలవి ఏరి వెనుకకు పంపవలెను. బిల్లును, చీటీలను పంట ముగియువరకు భద్రపరచవలెను. గ్రామాధికారులు తమ గ్రామమునకు ఏ నర్సరీనుండి ఏ నెలలో ఎన్ని మొక్కలు వచ్చినవో పుస్తకములో వ్రాసియుంచినచో, తరువాత తగాదా వచ్చినప్పుడు అది రైతుకు పెద్ద సహాయమగును.

ఇంటివద్దనే చూడదగిన పరీక్ష

పెరుగుదల గీతను కంటితో చూడదలచినవారికి ప్రయోగశాల అక్కరలేదు. పశువుల మేతకై అజొల్లా పెంచు తొట్టి చాలును. కొద్ది అజొల్లాను తూచి తొట్టిలో వేసి, మూడు దినములకొకసారి దానిని వడగట్టి, నీరు ఓడ్చి, తూచి మరల వేయవలెను. బరువులను వ్రాసికొన్నచో మొదట చక్రవడ్డీ వలె పెరిగి, తొట్టి నిండుకొలది పెరుగుదల తగ్గుట కనబడును. నిండిన తొట్టిని అట్లే ఉంచినవాని కంటె, తొట్టి సగము నిండినప్పటినుండి కొంచెము కొంచెముగా తీసికొనువానికి నెల మొత్తము మీద ఎక్కువ మేత దొరకును. పట్టికలో 12 గ్రాముల వద్ద పెరుగుదల హెచ్చుగా నుండుటకును, దీనికిని కారణము ఒక్కటే.

లెక్కకు గల హద్దు

లెక్క అన్నియు చెప్పలేదు. పైన ఉదాహరణకై తీసికొన్న వడ్డీలు, నష్టములు ప్రయోగశాలను బట్టి, రకమును బట్టి మారును. అట్లు మారినప్పుడు రైతు తన అంకెలను వేసికొని తిరిగి గుణింపవచ్చును. పద్ధతి మాత్రము మారదు. మరియు టిష్యూకల్చర్ మొక్క తెగులు లేకుండ పుట్టును గాని, తెగులును తట్టుకొను శక్తితో పుట్టదు. అమృతపాణి పనామా తెగులుకు లొంగు రకము. ఆ తెగులు ఉన్న నేలలో టిష్యూకల్చర్ అమృతపాణిని నాటినను అది చచ్చును. నేల ఎంపిక, పంటమార్పిడి, మురుగునీరు పోవు కాలువలు – వీటికి బదులు ఏ సీసాయును పనికిరాదు.

మా లంక రైతు ఆ దినమున బయానా ఇయ్యలేదు. దున్నిన నాలుగెకరాలలో ఆ యేడు వేరు పంట వేసెను. తన తోటలో తెగులు లేని చెట్లను గుర్తించి, ఆకు నమూనాలను పరీక్షకు పంపెను. ఒక్క చెట్టు గెల బాగుగా నున్నదని దానినే నమ్ముకొనక, వరుసగా మంచి గెలలు వేసిన పది చెట్లకు రంగు గుర్తు పెట్టి, వాటి పిలకల పంటను కూడ చూచిన పిమ్మటనే ప్రయోగశాలకు ఇచ్చెదనని చెప్పెను. ఒక గెల ఎరువు బలమున పెద్దదైయుండవచ్చును, పిలకలును అట్లే కాసినప్పుడే అది జాతి గుణమని నమ్మవచ్చును.

వెళ్లునప్పుడు ఆయన, “ఈ లెక్క కాగితం నేను పట్టుకెళ్తానండీ. ఆ మధ్యవర్తి మా వియ్యంకుడి ఊరు కూడా వెళ్తానన్నాడు” అనెను. ఆ కాగితమును ఆయన తీసికొనిపోయెను. దాని నకలును ఈ పత్రిక ద్వారా మీకందరికి అందజేయుచున్నాము. ఇతర వివరములకు మీ మండల ఉద్యాన అధికారిని గాని, గ్రామ ఉద్యాన సహాయకుని గాని సంప్రదింపుడు. కొవ్వూరులోని ఉద్యాన పరిశోధనా స్థానమున అరటిపై పరిశోధనలు జరుగుచున్నవి. వీలైనవారు అచ్చటికి పోయి రకములను స్వయముగా చూచి రావచ్చును.